గుంట నీళ్లు యాడికి పోతాయి?

గట్టు ఎక్కేముందు ఆ తొట్టిలో కాళ్లు ముంచండి. పర్మాంగనేటు కలిపిన నీళ్లు. పగలైతే వంకాయ రంగులో కనబడతాయి, ఈ చీకట్లో చల్లదనం మాత్రమే తెలుస్తుంది. పక్క గుంటలోని రోగం మన పాదాలకు అంటుకుని ఈ గుంటకు రాకూడదని ఈ ఏర్పాటు. తల కాస్త వంచి నడవండి. కాకులూ కొంగలూ వాలకుండా గుంట మీద దారాలు లాగి కట్టారు. గట్టు పొడుగునా ఉన్న మోకాలెత్తు వల పీతలు లోపలికి దూరకుండా వేసింది.

మే నెల. తెల్లవారుజాము మూడున్నర. ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకూ గంగపట్నానికీ నడుమ ఉన్నాం. సముద్రం దగ్గర్లోనే ఉంది, కానీ అల చప్పుడు వినబడదు. గుంట గుంటకూ తిరుగుతున్న ఏరియేటర్ల మోత దాన్ని కమ్మేసింది. కనుచూపు మేర బల్బులు. ప్రతి బల్బు కిందా ఒక కాపలా గుడిసె, దానికి ఆనుకుని మేత బస్తాలు.

రైతు గట్టు అంచున గొంతుక్కూర్చుని మీటరు తీగను నీళ్లలోకి దించాడు. అంకె కాసేపు ఊగి 3.4 దగ్గర నిలబడింది.

"ఇంకో మోటారు వెయ్యరా అబ్బయ్యా, డీవో దిగిపోతుండాది!" అని కాపలా కుర్రాణ్ణి కేకేశాడు.

డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. పగలు నీళ్లలోని సన్న నాచు ఎండ పట్టుకుని ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే ఆ నాచూ, రొయ్యలూ, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారేముందు ఈ గంటంటే రొయ్యల రైతులందరికీ భయం. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. వేడికి రొయ్యకేమో అది ఇంకా ఎక్కువ కావాలి. నిన్న మధ్యాహ్నం గుంట నీళ్లు 34 డిగ్రీలకు పోయాయంటున్నాడు రైతు. వెనామీ రొయ్యకు సుఖంగా ఉండేది 28 నుంచి 32 డిగ్రీల మధ్య.

ఇప్పుడు చెక్ ట్రే పైకి లాగుతున్నాడు చూడండి. గుండ్రటి ఇనప చట్రానికి వల బిగించిన పళ్లెం అది. గుప్పెడు మేత వేసి అడుగుకు దించుతారు. రెండు గంటల తర్వాత తీసి ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో చూసి పూట మేత లెక్క కడతారు. ట్రేలో మేత అట్లాగే ఉంది. నాలుగైదు రొయ్యలు ఎగురుతున్నాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని టార్చి వెలుగుకు అడ్డం పెట్టాడు. వెనామీ ఒళ్లు గాజులా ఉంటుంది, లోపలున్నదంతా కనబడుతుంది. తల దగ్గర కాలేయం చిన్న ముద్దగా ఉంది. అక్కణ్ణుంచి వీపు వెంట తోక దాకా గోధుమరంగు గీత ఒకటి పోవాలి. అది పేగు. రొయ్య మేత తింటోందనడానికి గుర్తు. ఈ రొయ్యలో ఆ గీత తెల్లగా ఉంది, మధ్యమధ్య తెగిపోయి ఉంది. గుంట మూలన, గాలి తోసిన చోట, తెల్లటి దారాలు తేలుతున్నాయి. అవి రొయ్యల మలం.

"వైట్ గట్ సార్," అన్నాడు. గొంతులో ఆశ్చర్యం లేదు. "రెండు దినాలుగా మేత తియ్యడంల్యా. నిన్ననే ల్యాబుకు శాంపిలు ఇచ్చినా."

ఇవి వేసి అరవై రోజులు దాటింది. మేతంతా అప్పు మీద తెచ్చింది. కరెంటు బిల్లు వేరే. కౌలు గుంట. మందుల షాపులో ఎవరో ఒకరు ఒక పొట్లం చేతిలో పెట్టి "దీన్ని బెల్లం నీళ్లలో కలిపి మేతకు పట్టించు" అనే సమయం సరిగ్గా ఇదే. పొట్లం మీద ఏముందో రాసి ఉండదు, ఉన్నా చదివేంత ఓపిక ఈ గంటలో ఎవరికీ ఉండదు. ఆ పొట్లం కొన్న రైతు మీద నాకు కోపం రాదు. ఆ స్థితిలో నేనున్నా చెయ్యి చాచి ఉండేవాణ్ణి. అయినా ఈ పూట మనం ఈ తీరానికి వచ్చింది ఆ పొట్లం కోసమే. అందులో ఉన్న యాంటీబయాటిక్ గుంటలో పడ్డాక ఏమవుతుంది, ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి అన్నది చూడటానికి.

తెల్లారింది. నెల్లూరు టౌనుకు పోదాం, పది గంటలకల్లా ల్యాబులో రిపోర్టు ఇస్తారు.

ల్యాబంటే రెండు గదులు. మొదటి గదిలో బెంచీ నిండా రైతులు, ఒక్కొక్కరి చేతిలో గుంట నీళ్లు నింపిన సీసా, పాలిథీన్ కవర్లో రొయ్యలు. లోపలి గదిలో ఏసీ, స్పిరిట్ వాసన. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి మన రైతు పేరు రాసిన గాజు పళ్లేన్ని ఇంక్యుబేటర్ నుంచి తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది. దగ్గరికి రండి. చెయ్యి తగలనివ్వకండి.

పళ్లెంలో ఆకుపచ్చని జెల్లీ. ఉప్పునీటి క్రిములైన విబ్రియోలను మిగతావాటి నుంచి వేరుచేసి పెంచడానికి దీన్ని వాడతారు, పేరు టీసీబీఎస్. నిన్న పూసిన ఒక్క చుక్క గుంట నీళ్ల నుంచి రాత్రికి రాత్రి వందల చుక్కలు లేచాయి. కొన్ని పసుపు. అవి జెల్లీలోని చక్కెరను పులియబెట్టినవి, చుట్టూ ఉన్న పచ్చదనాన్ని కూడా పసుపు చేసేశాయి. మిగతావి ముదురు ఆకుపచ్చ. అవి చక్కెర ముట్టనివి. రొయ్యలను మూకుమ్మడిగా చంపగల విబ్రియో పారాహీమోలిటికస్ ఈ రెండో రకంలోదే. మనిషికి కలరా తెచ్చే విబ్రియో కలరే పసుపు చుక్కల్లో వస్తుంది. మైక్రోబయాలజీ ఎప్పుడూ చదవని రైతులు బయట బెంచీ మీద "నీకు గ్రీన్ ఎంతొచ్చింది? నాకు ఎల్లో ఎక్కువుండాది" అని మాట్లాడుకుంటుంటే వినండి. పంట రోగాన్ని ఇంత సూక్ష్మంగా చదివే రైతాంగం దేశంలో ఇంకెక్కడైనా ఉందా అనిపిస్తుంది.

పక్కనే ఇంకో పళ్లెం. దీని నిండా క్రిమి పలచగా పరుచుకుంది. దాని మీద మిరియం గింజంత కాగితపు బిళ్లలు, ఒక్కో బిళ్లకు ఒక్కో యాంటీబయాటిక్ పట్టించి ఉంది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగని ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఒక బిళ్ల చుట్టూ వెడల్పాటి వలయం ఉంది. ఇంకో దాని చుట్టూ వెంట్రుకవాసి. టెట్రాసైక్లిన్ బిళ్ల దాకా మాత్రం క్రిమి నేరుగా పాకి వచ్చేసింది. అక్కడ ఖాళీయే లేదు.

ఈ బిళ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ ల్యాబొరేటరీస్ నుంచి వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టింది బెంజమిన్ డగ్గర్. అప్పుడు అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో ఆయన పుట్టిన భీమవరం ఈ రోజు నెల్లూరు లాగే రొయ్యల ఊరు. ఆరియోమైసిన్ వచ్చిన 1948లోనే, ఆగస్టులో, ఆయన కన్నుమూశారు. తర్వాత రెండేళ్లు తిరక్కుండానే అదే సంస్థలో స్టోక్‌స్టాడ్, జూక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయని తేల్చారు. మేతలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు ప్రపంచమంతా పాకింది ఆ తర్వాతే. ప్రాణాలు నిలిపిన అంత గొప్ప మందు ఈ పళ్లెంలో ఇట్లా చేతులెత్తేసి ఉండటం చూస్తే ఒక తెలుగువాడిగా నాకు గుండె కలుక్కుమంటుంది.

పీసీఆర్ రిపోర్టు కూడా వచ్చింది. ఈహెచ్‌పీ పాజిటివ్. అది బ్యాక్టీరియా కాదు, రొయ్య కాలేయ కణాల్లో కాపురం పెట్టే మైక్రోస్పోరిడియా. శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం. థాయ్‌లాండ్‌లో గుర్తించి 2009లో పేరు పెట్టారు. ఆ తర్వాత మన తీరానికీ వచ్చింది. తెల్ల పేగు రోగం వెనక చాలాసార్లు ఈహెచ్‌పీ, విబ్రియోలు జంటగా ఉంటాయి. యాంటీబయాటిక్ దీన్ని తాకనైనా తాకదు. 1994లో ఈ తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన వైట్ స్పాట్ వైరస్ మీదా అంతే, ఏ పొట్లమూ పనిచేయదు. చేపకైతే టీకా ఉంది. నార్వే వాళ్లు 1980ల చివరి నుంచి సాల్మన్ చేపలకు టీకాలు వేసి యాంటీబయాటిక్ వాడకాన్ని దాదాపు లేకుండా చేశారు. రొయ్యకు మన రక్తంలోలాగా రోగాన్ని గుర్తుపెట్టుకునే యాంటీబాడీలు లేవు. కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. మంచి సీడు, ఎండకట్టిన గుంట, పలచగా వేయడం, అడుగు బురద తీసేయడం, ఇవే మిగిలిన మందులు.

"మేత సగం తగ్గించి, వచ్చిన కాడికి పట్టేయండన్నా," అంది అమ్మాయి. రైతు తల ఊపాడు. ఎనభై కౌంటుకే, అంటే కిలోకు ఎనభై తూగే సైజులోనే పట్టుబడి. లాభం లేదు, అప్పు మాత్రం కొంత తీరుతుంది. పొట్లం అవసరం రాలేదు. ఈ ల్యాబు లేకుంటే అది ఈపాటికి గుంటలో ఉండేది.

పట్టుబడికి ముందు ఇంకో పరీక్ష ఉంది. ఎగుమతి చేసే రొయ్యలో నిషేధించిన మందుల ఆనవాళ్లు ఉన్నాయేమోనని ఎలీసా పద్ధతిలో చూస్తారు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ఈ తీరంలో ఇందుకోసమే ల్యాబులు నడుపుతోంది. రొయ్య కండను నూరి, సారం తీసి, 96 గుంతలున్న ప్లాస్టిక్ పలకలో చుక్క చుక్కగా వేస్తారు. రంగు నిండుగా వస్తే మందు లేదన్నమాట. రంగు వెలిసేకొద్దీ మందు ఉన్నట్టు. ఎంత సన్నని లెక్క అంటే, క్లోరాంఫెనికాల్ విషయంలో యూరప్ ఇప్పుడు కిలోకు 0.15 మైక్రోగ్రాముల దగ్గర గీత గీసింది. దాదాపు 6,700 టన్నుల రొయ్యల్లో ఒక్క గ్రాము మందు! 2016లో యూరప్ మన సరుకులో తనిఖీ వాటాను పది శాతం నుంచి యాభై శాతానికి పెంచింది. ఒక కంటైనర్ వెనక్కి వచ్చిందంటే ఇక్కడ ఎన్ని ఇళ్లు కుదేలవుతాయో నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. చట్టం కూడా గట్టిపడింది. 2023లో కోస్తా ఆక్వా చట్టాన్ని సవరించి యాంటీబయాటిక్ వాడకాన్నే నిషేధించారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను ఆహారం కోసం పెంచే జీవులకు అమ్మకూడదని కేంద్రం 2025లో ఆంక్ష పెట్టింది.

ఇదంతా మంచిదే. కానీ ఈ పరీక్షలన్నీ చూసేది రొయ్య కండలో మిగిలిన మందును. రొయ్య ఓడ ఎక్కి పోతుంది. నీళ్లు ఇక్కడే ఉంటాయి. వాటిలోకి ఎవరూ సీసా ముంచడం లేదని నా బాధ.

మేతలో కలిపిన మందులో పెద్ద వాటా రొయ్య ఒంట పట్టదు. తినని మేతతో, మలంతో అడుగు బురదలోకి చేరుతుంది. అక్కడున్న కోట్ల క్రిముల్లో బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. తట్టుకునే విద్య ఒక చిన్న జన్యువులో రాసి ఉంటుంది. దాన్ని అవి పిల్లలకే కాదు, పక్కన ఆనుకుని ఉన్న వేరే జాతి క్రిమికి కూడా అందించగలవు. మందు కొన్ని వారాలకు కరిగిపోతుంది, ఎలీసా పలక మీద రంగు నిండుగా వస్తుంది. జన్యువు మాత్రం బురదలో ఉండిపోతుంది. నీళ్ల నుంచి ఆసుపత్రి దాకా ఈ జన్యువులు నడిచి వస్తాయనడానికి సాక్ష్యం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకు లొంగని శక్తినిచ్చే ‘క్యూఎన్ఆర్’ జన్యువును 1990ల చివర్లో అమెరికాలో ఒక రోగి నుంచి తీసిన క్రిమిలో కనుగొన్నారు. దాని పుట్టిల్లు ఎక్కడా అని వెదుక్కుంటూ పోతే 2005లో షెవనెల్లా ఆల్గే అనే ఉప్పునీటి క్రిమి దగ్గర తేలింది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మళ్లీ తీరానికి వచ్చాం. పడమటి గాలి మొహాన్ని కాల్చేస్తోంది. గట్టు మీద సున్నం కళ్లల్లో గుచ్చుకుంటోంది. ఈ ఎండకూ మందులు ఓడిపోవడానికీ సంబంధం ఉంది. 2020లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో మిరియం రెవెర్టర్ బృందం 40 దేశాల ఆక్వా సాగు క్రిముల లెక్కలు ముందేసుకుని చూసింది. వేడి దేశాల్లో మందులకు లొంగని క్రిములు ఎక్కువ, నీళ్లు వేడెక్కేకొద్దీ రోగం పట్టిన చేపల, రొయ్యల చావులూ ఎక్కువ. 40లో 28 దేశాలు ప్రమాద రేఖకు పైనే ఉన్నాయి. అదే ఏడాది ఇంకో పరిశోధన ప్రపంచ ఆక్వా సాగు 2017లో 10,259 టన్నుల యాంటీబయాటిక్స్ వాడిందని అంచనా వేసింది. అందులో సగానికి పైగా చైనాది. రెండో స్థానం మనది, 11.3 శాతం. ఇది చేపలూ రొయ్యలూ అన్నీ కలిపిన లెక్క, ఒక్క నెల్లూరు మీద వేయకూడదు. ఇక ఆసుపత్రుల వైపు చూస్తే, మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రిక 2022లో ప్రకటించింది.

కాలవ గట్టున నిలబడదాం. అటువైపు గుంటలో ఇవాళే పట్టుబడి అయిపోయింది. తూము తలుపు ఎత్తారు. బురద రంగు నీళ్లు నురగ కట్టుకుంటూ దూకుతున్నాయి, కుళ్లిన మేత వాసన. వదిలే నీళ్లను శుద్ధి చేసే తొట్లు ఉండాలని కోస్తా ఆక్వా అథారిటీ నిబంధన. ఇక్కడి గుంటల్లో చాలావాటికి అవి లేవు. కాబట్టి నీళ్లు నేరుగా కాలవలోకి, కాలవ నుంచి ఏట్లోకి పోతాయి. పోటు వచ్చినప్పుడు అవే వెనక్కి తిరిగి ఇంకో రైతు మోటారు పైపులోకి ఎక్కుతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు ఏది కాలవో, ఏది గుంటో, ఏది ఊరి బావో తెలియకుండా అన్నీ కలిసిపోయాయి.

తూముకు కాస్త దిగువన ముగ్గురు ఆడవాళ్లు నడుం లోతు నీళ్లలో ఉన్నారు. యానాదులు. గుంటలోంచి జారిపోయిన రొయ్యల్ని, పీతల్ని చేతులతో తడిమి పట్టి నడుముకు కట్టిన బుట్టలో వేసుకుంటున్నారు. ఒకామె గట్టు మీదికొచ్చి కూర్చుంది. పాదం పక్కన గాయం, అంచులు తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

"ఏమైందమ్మా కాలికి?"

"ఆల్చిప్ప కోసింది సామీ. నెల దాటె. బిళ్లలు మింగినా మానడంల్యా."

ఆ పుండులో ఏ క్రిమి ఉందో నేను చెప్పలేను. ఉప్పునీళ్లలో అయిన గాయానికి విబ్రియోలూ పట్టొచ్చు, షుగరున్నా మానకపోవచ్చు. కానీ అది తేల్చగల పచ్చ జెల్లీ పళ్లెం, కాగితపు బిళ్లలు ఇక్కడికి గంట దూరంలో ఉన్నాయి. పొద్దున మనం చూసినవే. అవి రొయ్య కోసం ఉన్నాయి. ఈమె కోసం లేవు.

1991లో దక్షిణ అమెరికా తీరంలో కలరా విరుచుకుపడింది. ఈక్వడార్‌లో చాలా మందులకు లొంగని రకం బయటపడింది. వెనామీ రొయ్య ఆ తీరానిదే. ఆ దేశంలో వ్యాధి రొయ్యల చెరువుల మీద పనిచేసే వాళ్లలో మొదలైందని, చెరువుల్లో పోసిన యాంటీబయాటిక్స్ అందుకు తోడ్పడి ఉండవచ్చని 1994లో వెబర్ బృందం రాసింది. మన దగ్గర అట్లా జరిగిందని నేను అనడం లేదు. జరిగితే మొదట ఎవరికి తెలుస్తుందని అడుగుతున్నాను. తూము కాడ నీళ్లను ఎవరూ పరీక్షించనప్పుడు అది తెలిసేది ఆసుపత్రి మంచం మీదే.

తూము మూసి వచ్చిన రైతుతో ఈ మాటే అన్నాను. పట్టుబడి రోజున ఇక్కడ ఒక సీసా నింపి, అదే ల్యాబుకు పంపితే ఎట్లా ఉంటుందని.

తుండుతో మెడ తుడుచుకుని ఆలోచించాడు. "పరీక్ష చేస్తే మంచిదే సార్. మా పిల్లకాయలు ఈదేది గూడా ఈ కాలవలోనే. అయితే ఆ కాయితం పట్టుకోనొచ్చి గుంట మూసెయ్యమంటే మా గతేంది?"

ఆ భయం న్యాయమైనది. గుంట పేరున రాస్తే ఏ రైతూ సీసా ఇవ్వడు. కాలవ పేరున రాయాలి. ఈ కాలవ నీళ్లలో ఫలానా క్రిములున్నాయి, వాటికి ఈ మందులు పనిచేయవు, ఇవి చేస్తాయి అన్న ముక్క నెలకోసారి మండలంలోని పీహెచ్‌సీ డాక్టరు బల్ల మీద ఉండాలి. ఈమె కాలు చూసి బిళ్ల రాసేముందు ఆయన చూసుకోవడానికి. నీళ్లు పట్టడానికి మత్స్యశాఖ మనుషులున్నారు. పళ్లెం పెట్టడానికి నెల్లూరులో ల్యాబులున్నాయి. చెన్నైలో ఉప్పునీటి ఆక్వా పరిశోధనకే కేంద్ర సంస్థ ‘సీబా’ ఉంది. లేనిది మందు మిగిలిన రొయ్యను పట్టించుకున్నంతగా మందు మిగిలిన నీళ్లను పట్టించుకోమని వీళ్లకు చెప్పే ఒక్క ఉత్తర్వు.